గోరింటకొండ ఊకొట్టమ్మ తల్లి, పాపక్క శొంఠి ఉండ

భక్తులారా! రాయలసీమలో కొండలకు కొదవ లేదు, కొండకొక దేవుడికీ కొదవ లేదు. వరాలిచ్చే దేవుళ్లున్నారు, శత్రువులను చీల్చే దేవతలున్నారు. కానీ మనిషి తన బాధ చెప్పుకుంటుంటే మధ్యలో అడ్డు తగలకుండా ఆసాంతం వినే దేవత పద్నాలుగు లోకాల్లో ఒక్కతే. ఆమె మా గోరింటకొండ మీద, తూర్పు ముఖంగా తెరుచుకున్న గవిలో, అంటే కొండగుహలో, వెలసిన ఊకొట్టమ్మ తల్లి.

బస్సు గోరింటపల్లె రచ్చబండ దగ్గర ఆగుతుంది. అక్కడినుంచి మెట్లదారి. కొండ నిటారుగా ఉంటుందని బెదిరించేవారి మాట నమ్మవద్దు. నడుము పట్టేసినవాళ్లు ఎక్కలేరని అమ్మ కొండనే కాస్త వంచిందని పెద్దల మాట. పడమటి వైపు నిలబడి చూస్తే, కొండ వీపు వంచి ముసలమ్మలా కూర్చుని ఉండటం మీకే కనిపిస్తుంది. అంతకన్న సాక్ష్యం ఎవరికి కావాలి?

గవి వాకిట ఒక బండరాతి మీద పెద్ద అక్షరాలతో "చెప్పులు, చిట్కాలు ఇక్కడే విడువవలెను" అని చెక్కి ఉంటుంది. చెప్పుల సంగతి అన్ని గుళ్లలోనూ ఉన్నదే. చిట్కాల సంగతి మా గుడిలో మాత్రమే ఉంది. అది ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఈ చిన్న పుస్తకం.

లోపలి అమ్మవారు ఉలి తగలని రాయి. తల ఒక పక్కకు వాల్చి, ఎడమ చెవి మన వైపు పెట్టి ఉంటుంది. ఆ చెవి చేటంత. చీమ నిట్టూర్చినా ఆ చెవికి వినబడుతుంది.

ఈ సన్నిధికి వచ్చేవారిలో ఎక్కువమంది చంకలో ప్లాస్టిక్ కవరుతో వస్తారు. అందులో ఎక్స్‌రేలు, స్కానింగులు, రక్తపరీక్షలు ఉంటాయి. వారిని ఏమైందని అడిగితే అందరి నోటా ఒకటే పల్లవి. "అన్నీ బాగున్నాయంట సామీ. నొప్పి మాత్రం పోలేదు." నొప్పి ఎక్కడినుంచి వస్తుందో పెద్ద పెద్ద డాక్టర్లకూ అంతుచిక్కనివారే మా అమ్మకు ముద్దుబిడ్డలు. అట్లాగని మందులు మానమని అమ్మ ఏనాడూ అనలేదు. మాత్ర వేసుకునే కొండెక్కండి. అమ్మకు డాక్టర్లతో పోటీ లేదు. వారి పని వారిది, ఈమె పని ఈమెది.

పూర్వం ఇక్కడ, పాలెగాండ్ల కాలంలో, గోరింటపల్లెలో ఓబుళమ్మ అనే ఇల్లాలు ఉండేది. దంచడంలో ఆమెకు సాటి భూమ్మీద పుట్టలేదు. రెండు చేతులా రెండు రోకళ్లు పట్టి కొర్రలు దంచిందంటే పొరుగూళ్లో ఉట్టి మీది కుండలు ఊగేవి. ఆమె దంపుడు పాట ఎత్తుకుంటే మేతకు పోయిన ఎద్దులు పని ఉందేమోనని వాటంతట అవే ఇంటికి వచ్చేసేవి. ఆమె భర్త గంగన్న మెత్తని మనిషి. ఎవరు మాట్లాడితే వారివైపు తల ఊపేవాడు. ఇక అత్త పాపక్క గురించి ప్రత్యేకంగా చెప్పాలి.

పాపక్కకు తెలిసిన చిట్కాలు గోరింటకొండ మీది ఆకులకన్న ఎక్కువ. తుమ్మితే ఒకటి, తుమ్మబోయి ఆగితే ఇంకొకటి. ఆమె వీధిలోకి వస్తుందంటే దగ్గు వచ్చినవాడు దగ్గును మింగి పారిపోయేవాడు. అన్ని చిట్కాలకూ రాజు శొంఠి. పాపక్క నడుం దోపులో, చిన్న గుడ్డమూటలో, శొంఠి బెల్లం కలిపి దంచిన ఉండలు ఎప్పుడూ ఉండేవి. ఆ ఘాటుకు ఆమె చుట్టూ ఈగ కూడా వాలేది కాదు.

ఒక ఏడు ఓబుళమ్మకు నొప్పి పుట్టింది. దెబ్బ లేదు, వాపు లేదు, జ్వరం లేదు. తెల్లవారగానే భుజం రెక్క కింద మొదలై, పొద్దెక్కేసరికి వెన్నులో దిగి, మాపటికి తుంటిలో కాపురం పెట్టేది. ఒకనాడు సూదిలా, ఒకనాడు నిప్పులా, ఒకనాడు బరువైన బండలా ఉండేది. రోకలి ఎత్తబోతే చేతినుంచి జారిపోయేది. రోకలి చప్పుడు లేక ఊరికి పొద్దు తెలియడమే మానేసింది.

ఆమె నోరు తెరిస్తే చాలు, చిట్కాల వాన కురిసేది.

"అత్తా, ఈ రెక్క కింద..."

"వాయువు మే! శొంఠి నాకు."

"వదినా, మాపటేళకు అది కిందికి దిగి..."

"వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసుకో. మా చిన్నాయన అట్లనే లేచి కూచున్యాడు."

"అది కాదు, నిన్న రాత్రి..."

"తలగడ మార్చి చూడు మే!"

పాపం, ఆ మహాతల్లి మొదలుపెట్టిన వాక్యం ఒక్కటీ చివరిదాకా పోలేదు. అన్ని చిట్కాలూ చేసింది. ఆమె తాగిన కషాయం పారించి ఉంటే పదెకరాల మడి తడిసేది. నొప్పి మాత్రం అత్తగారింట్లో అల్లుడిలా కదలకుండా కూర్చుంది.

చివరికి పాలెగాడి కోటనుంచి ఆస్థాన వైద్యుడు పల్లకిలో వచ్చాడు. చేయి పట్టకుండా గుమ్మంలో నిలబడే నాడి చెప్పగల ఘనుడాయన. ఆయన ఓబుళమ్మ నాడి చూసి, కళ్లు మూసి, తెరిచి, మళ్లీ మూసి, "ఈ దేహంలో నాకు రోగం కనబడలేదు" అన్నాడు. ఆయన అన్నది అంతే. కానీ పల్లకి ఊరు దాటకముందే ఆ మాట వేషం మార్చుకుంది. నీళ్లబావి దగ్గరికి చేరేసరికి "రోగం లేదంట" అయింది. రచ్చబండ దగ్గరికి చేరేసరికి "దొంగ నొప్పంట" అయింది.

అందరికన్న పాపక్కకు రోషం ముంచుకొచ్చింది. "నా శొంఠికి లొంగని నొప్పి యాడన్నా ఉంటాదా? లొంగలేదంటే అది నొప్పే కాదు, నాటకం" అని తేల్చేసింది. కులపెద్ద నాగిరెడ్డి తీర్పు కూడా అయిపోయింది. ఉగాదినాడు ఓబుళమ్మ రోకలి పట్టి దంచితే సరి. లేదంటే పుట్టింటికి పోవాలి. గంగన్న ఆ తీర్పుకూ తల ఊపాడు. ఊపి, గొడ్లపాకలోకి పోయి ఏడ్చాడు.

ఇంట్లో మూలిగితే నాటకమంటారు. అందుకని ఓబుళమ్మ ఒక మిట్టమధ్యాహ్నం మూలగడానికే కొండెక్కింది. ఆ గవిలో ఒక ఎలుగుబంటి కాపురముండేది. దాని గురకకు రాళ్లు దొర్లేవి. ఓబుళమ్మ వచ్చి ఒక్క మూలుగు మూలిగేసరికి ఆ ఎలుగుబంటి లేచి, మర్యాదగా చోటు ఇచ్చి, అవతలి కొండకు మకాం మార్చింది. ఇప్పటికీ ఆ కొండను ఎలుగు మిట్ట అంటారు.

ఓబుళమ్మ చీకట్లోకి చూస్తూ మొదలుపెట్టింది. "తెల్లారుతానే ఈ రెక్క కింద పుడ్తాది..."

గవిలోపలినుంచి చల్లగా, మెల్లగా వినిపించింది. "ఊ."

మనలాంటివారైతే కొండ దిగి పారిపోయేవాళ్లం. ఓబుళమ్మకు భయం కలగలేదు, ఆశ్చర్యం కలిగింది. వాక్యం చివరిదాకా పోనిచ్చినవాళ్లు ఆమెకు అంతవరకు దొరకలేదు మరి. "పొద్దెక్కితే ఎన్నులో దిగుతాది."

"ఊ."

"ఒకోతూరి సూది మాదిరి. ఒకోతూరి నిప్పు మాదిరి."

"ఊ."

కథ వినే పిల్లకూడా అంత శ్రద్ధగా ఊ కొట్టదు. పొద్దు వాలేదాకా చెప్పింది, పొద్దు వాలేదాకా అమ్మ విన్నది. సూర్యుడు కూడా కథ మధ్యలో పోవడం మర్యాద కాదని పడమటి కొండమీద కాసేపు ఆగాడట. ఆ సాయంత్రం ఓబుళమ్మ నవ్వుతూ దిగింది. నొప్పి పోయిందా అని భర్త అడిగితే ఆమె చెప్పిన మాట మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "నొప్పి ఉండాది. దాని పక్కన నేనూ ఉండా."

ఆనాటినుంచి రోజూ కొండెక్కేది, తేలికపడి దిగేది. పాపక్కకు అనుమానం పుట్టింది. ఒకరోజు వెంటే వెళ్లి తంగేడు పొద చాటున నక్కింది. కోడలి మాట, దాని వెంట లోపలినుంచి "ఊ" విన్నది. ఇంకేముంది! చేతికందిన ఎండుకొమ్మ ఎత్తుకుని గవిలోకి దూకింది.

"ఎవుర్రా అది, మా కోడలికి ఊ కొట్టేది?"

లోపల మనిషి లేడు. తల వాల్చి చెవి ఒగ్గిన రాయి ఒక్కటే ఉంది. "అత్తా, ఎంత పని చేస్తివి" అంటూ ఓబుళమ్మ కూలబడింది. ఆ క్షణంనుంచి గవి మూగబోయింది. మరునాడు పిలిచినా పలకలేదు, ఆ మరునాడూ పలకలేదు. నొప్పి మాత్రం రెట్టింపై తిరిగివచ్చింది. ఉగాది ముంచుకొచ్చింది. ఓబుళమ్మ పుట్టింటి మూట కట్టుకోవడం మొదలుపెట్టింది.

ఉగాది ముందురోజు, పాపక్క అన్నం తిని కునుకు తీస్తుండగా అమ్మ కలలో కనిపించింది. దేవతలు రాత్రివేళ కదా కలలో వస్తారు, ఈమె మధ్యాహ్నం ఎందుకు వచ్చిందని మీకు సందేహం రావచ్చు. రాత్రి పాపక్క పెట్టే గురకకు దేవతలు కూడా దగ్గరికి రాలేకపోయేవారు.

"పాపక్కా," అన్నది అమ్మ, "నీ కోడలికి ఊ కొట్టేది నీ పని. ఇన్నాళ్లూ నీ బదులు నేను కొట్టినా. రేపు గవికి వచ్చి దాని నొప్పి ఆసాంతం విను. నడుమ ఒక్క చిట్కా చెప్పినా, ఈ కొండ ఇడిచి పోతా."

పాపక్క కలలోనే చేతులు జోడించింది. "వింటా తల్లీ. శొంఠి గురించి మాత్రం ఒక్క మాట..."

"ఒక్క మాట గూడా వద్దు."

"పోనీ, వావిలాకు?"

"పాపక్కా!"

ఆ కేకకు పాపక్క మంచంమీదనుంచి కిందపడింది.

పాపక్క కల సంగతి సాయంత్రానికే ఊరంతా పాకి, తీర్పు గవి ముందరే అని ఖాయమైంది. ఉగాదినాడు ఆ తీర్పు చూడటానికి ఊరు ఊరంతా కొండెక్కింది. గవి ముందర అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. రోకలి తెచ్చి ఓబుళమ్మ పక్కన పెట్టారు. పాపక్క గొంతు సవరించుకుంది. "చెప్పు మే."

"రెక్క కింద పుడ్తాది అత్తా."

"ఊ."

"ఎన్నులోకి దిగుతాది."

"ఊ... శొం..."

పాపక్క నాలుక చివరిదాకా శొంఠి వచ్చేసింది. వీరులు కోటలు పట్టారంటారు, ఏనుగులను ఆపారంటారు. అవన్నీ పిల్లల ఆటలు. పుట్టినప్పటినుంచి చిట్కాలు చెప్పిన నోటిని చిట్కా దగ్గర ఆపడం, అదీ వీరమంటే! ఆమె ముఖం ఎర్రబడింది, నరాలు పొంగాయి, చెమటకు కొండవాగు పారింది. ఇక ఆగదనుకున్న క్షణంలో ఆమె చేయి నడుం దోపులోకి వెళ్లింది. కోడలికోసం తెచ్చిన శొంఠి ఉండను తీసి, గుప్పున తన నోట్లోనే పెట్టుకుంది.

ఉండ పెద్దది. ఘాటుకు కళ్లవెంట నీళ్లు కారాయి. ఆ నోటితో ఇక ఒక్క మాటే పలకడానికి వీలైంది. "ఊ."

ఓబుళమ్మ చెప్పుకుపోయింది. సూదిని చెప్పింది, నిప్పును చెప్పింది. చివరికి, అంతవరకు ఎవరూ వినని చివరి మాటకు వచ్చింది.

"నొప్పి ఓర్చుకుంటా అత్తా. అందరూ లేదు లేదంటా ఉంటే, అబద్ధం చెప్తాండానేమోనని నాకే అనుమానం వస్తాంది. దానికే తట్టుకోలేకుండా ఉండా."

పాపక్క ఊ కొట్టలేదు. శొంఠి ఉండను చేతిలోకి తీసుకుంది. కొంగుతో కోడలి ముఖం తుడిచింది. "ఉండాది మే," అన్నది. "నీ నొప్పి ఉండాది. కనపడకపోతే అది మా కండ్ల తప్పు."

అప్పుడు గవిలోపలినుంచి, ఊరందరి చెవులా పడేట్టు, ఉరుమంత నిండుగా, తల్లి పలికింది. "ఊ!"

నాగిరెడ్డి తలపాగా తీసి రోకలి మీద పెట్టాడు. తీర్పు అక్కడితో చెల్లిపోయింది. గంగన్న జీవితంలో మొదటిసారి తల ఊపకుండా నోరు తెరిచాడు. "నా పెండ్లాం యాడికీ పోదు" అన్నాడు. జనం ఈలలు వేశారు.

తర్వాత పాపక్క గొంతు తగ్గించి, "మే, నా మోకాలు గూడా ఎన్నో ఏండ్లుగా..." అన్నది. "అందరికీ మందు చెప్పేదాన్ని, నాకే నొప్పంటే నవ్వుతారని చెప్పలేదు."

ఓబుళమ్మ అత్త చేతిలోని శొంఠి ఉండను తీసుకుని తన బుగ్గన పెట్టుకుంది. "ఊ, చెప్పత్తా."

ఇక చూడండి! నాగిరెడ్డికి తలలో సుత్తిపోటు, చాకలి రంగమ్మకు అరికాలి మంట. ప్రతివాడికీ ఎక్కడో ఒకచోట పేరులేని నొప్పి ఉందని ఆనాడే తెలిసింది. పొద్దుగూకేదాకా కొండ "ఊ"లతో మోగింది. కింద ఊళ్లో ఉగాది పచ్చడి ఇళ్లల్లోనే ఉండిపోతే మేకలు తిని మర్నాటిదాకా గంతులు వేశాయి. కొన్నాళ్లకు ఆస్థాన వైద్యుడు కూడా పల్లకి లేకుండా, నడుము పట్టుకుని కొండెక్కాడు. ఆయనకు ఊ కొట్టింది ఎవరనుకున్నారు? ఓబుళమ్మే. బాగా విన్నదని ఆయనే పదిమందికీ చెప్పాడు.

ఓబుళమ్మ మళ్లీ దంచింది. నొప్పి తక్కువైన రోజున రెండు చేతులా దంచేది. ఎక్కువైన రోజున అత్త దంచేది, కోడలు పాడేది. ఎద్దులు మాత్రం రెండు రోజులూ ఇంటికి వచ్చేవి.

ఆనాటి ఆచారమే నేటికీ నడుస్తోంది. గవిలోకి వెళ్లేముందు పూజారిగారు ముఖపరిచయం లేని ఇద్దరిని జతగా కూర్చోబెడతారు. వినేవారి చేతిలో శొంఠి బెల్లం ఉండ పెడతారు. అది మా ప్రసాదం. ఉండ బుగ్గన ఉన్నంతసేపు ఎదుటివారు నొప్పి చెప్పుకుంటారు. వినేవారు ఊ మాత్రమే అనాలి. "మా పక్కింటామెకు కూడా ఇట్లాగే" అనరాదు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ వినరాదు. ఫోను చూడరాదు. తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. ఉండ ఘాటుకు వినేవారి కంట నీరు వస్తుంది. అది ఘాటువల్లనే అని చెప్పి తప్పించుకోవచ్చు, మేము అడగము.

ఉగాదినాడు కొండమీద కోడళ్లు చెబుతారు, అత్తలు ఊ కొడతారు. ఆ వైభవం చూడటానికి దేవతలు సైతం ముందురోజే వచ్చి చోటు పట్టుకుంటారని ప్రతీతి. రోజూ సాయంహారతి తర్వాత దీపం తగ్గించి అందరూ మౌనంగా నిలబడతారు. ఇంతమంది బాధ విన్న తల్లికీ ఏదో ఒక నొప్పి ఉండే ఉంటుంది కదా! ఆమెకోసం అందరూ ఒక్కసారిగా "ఊ" అంటారు. ఆ శబ్దానికి కొండ వీపు మరికాస్త సడలుతుంది.

ఈ సన్నిధిలో చెప్పుకున్నవారి నొప్పి తగ్గుగాక. తగ్గని రోజున తోడు దొరుకుగాక. ఈ కథ విన్నవారి ఇంట ఎవరూ సగంలో ఆగిన వాక్యంతో నిద్రపోకుందురుగాక. ఇంతదాకా చదివిన మీరు, చిట్కాలు బయట విడిచి, పక్కనున్నవారివైపు తిరిగి ఒక్కసారి అనండి.

ఊ.