జొన్నలు తినని కాపలాదారు

రాళ్ళగుట్ట చుట్టూ నల్లరేగడి చేలు. కోతలయ్యాక రైతులు కంకులు మోసుకుపోతే, చేలో రాలిన గింజ గుట్టమీది జంతువులది. ఎవరి పరిగె వాళ్ళు ఏరుకుని ఎవరి బొరియలో వాళ్ళు దాచుకునేవాళ్ళు. ఎండలు ముదిరేసరికి అందులో సగం చీమల పాలు, సగం బూజు పాలు అయ్యేది. అందుకని ఒక ఏడాది అందరూ కూడబలుక్కుని, గుట్ట కింద రైతులు వదిలేసిన పాత జొన్నపాతరలో కలిపి పోసుకుందామనుకున్నారు. పాతరంటే నేలలో బావిలా తవ్విన గొయ్యి. నింపి, మూతిమీద బండ పెట్టి, మట్టి మెత్తితే గింజ చెడదు. వేసవి వచ్చాక ఎవరు పోసినంత వాళ్ళు తీసుకోవాలి.

కాపలా ఎవరన్న దగ్గర పేచీ వచ్చింది. ఉడుతను పెడదామంటే అది తింటుంది. నెమలిని పెడదామంటే అదీ తింటుంది. పందికొక్కు తానుంటానని నోరు తెరిచిందో లేదో, గుట్టంతా నవ్వింది. దాన్ని వాటాదారుగా చేర్చుకోవడానికే ఎవరూ ఒప్పుకోలేదు, ఇక కాపలా ఒకటా!

అప్పుడు నక్క ముందుకొచ్చింది. నక్క వినయాలు ఎలా ఉంటాయో తెలిసిందే.

"గింజలు తినేవాళ్ళను గింజలకు కాపలా పెడతారటర్రా? నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క జొన్న నోట పెట్టలేదు. వయసైపోయింది, పళ్ళు కదిలిపోతున్నాయి. ఏదో పండూ ఫలమూ తిని కృష్ణా రామా అనుకుంటున్నాను. మీ గింజతో నాకేం పని?"

ఈ గుట్టమీది ప్రాణిని ఒక్కదాన్నీ ముట్టనని ఒట్టు కూడా వేసింది. తినని వాడికి ఆశ ఉండదు గదా అని అందరికీ సబబుగానే తోచింది. అంతటితో ఆగకుండా, తన మీద కూడా ఒక కన్నుండాలని నక్కే అడిగి, ఉడుమును తనిఖీకి పెట్టించింది. ఉడుమూ జొన్నలు తినదు. ఇంత నిజాయితీపరుడు దొరికాడని నెమలికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

ప్రతి పున్నమికీ నక్క బండను కాస్త పక్కకు జరిపేది. ఉడుము మెడ లోపలికి పెట్టి, బయటికి తీసి, నిండుగా ఉందని చెప్పేది. ఎవరైనా తొంగి చూడబోతే నక్క అడ్డం వచ్చేది. నిండు పాతరలో ఆవిరి ఉంటుంది, ప్రాణం తీస్తుంది అనేది. ఆ మాటలో అబద్ధం లేదు. మూత తీసిన పాతరను రైతులు ఒక పూట గాలికి వదిలి, దీపం దించి చూసుకుని గానీ దిగరు. వెనక ఒకాయన తొందరపడి దిగి మళ్ళీ పైకి రాలేదని గుట్టమీద పిల్లలకు కూడా తెలుసు. అందుకే సొంత గింజను చూసుకోవాలని ఎవరూ పట్టుబట్టలేదు.

అందరికంటే ఎక్కువ పోసింది కుందేలు. కిందటి వేసవిలో ఇద్దరు పిల్లలు ఆకలికి పోయారు. ఈసారి నలుగురున్నారు. ఏరిన గింజలో ఒక్కటి కూడా ఇంట్లో ఉంచుకోకుండా పాతరలోనే పోసింది. శివరాత్రి దాటాక పిల్లలు నీరసపడుతుంటే, దోసెడు ముందే ఇమ్మని అడగడానికి వెళ్ళింది. నడుమన మూత తీస్తే అందరి గింజా పాడవుతుందనీ, తల్లివి నువ్వే ఇలా తొందరపడితే ఎలా అనీ నక్క మెత్తగా మందలించి పంపింది. తనదేదో అత్యాశ అయినట్టు సిగ్గుపడి కుందేలు తిరిగొచ్చింది.

ఇంకొన్నాళ్ళకు పాతర తెరవాలనగా, నక్క పందికొక్కును పట్టుకొచ్చి, గుట్టంతా చూస్తుండగా ఎలుగుబంటి గుహ ముందు నిలబెట్టింది. గుట్టకు తీర్పరి ఎలుగే. ఫిర్యాదు చెవిన పడితే వింటుంది, పడకపోతే నిద్రపోతుంది. పందికొక్కు మూతికి తడి మట్టి అంటుకుని ఉంది. పాతర పక్కన బొక్క తవ్వుతూ దొరికిందనీ, ఆ బొక్క తాను వెంటనే పూడ్చేశాననీ నక్క చెప్పింది. గింజకు నష్టమేమీ లేదనీ, పాతర నిండుగానే ఉందనీ ఉడుము సాక్ష్యం పలికింది. ఈ దొంగను గుట్ట దాటిస్తే చాలని ఇద్దరూ కోరారు.

ఏమంటావని ఎలుగు అడిగింది.

"దొంగతనానికే పోయాను దొరా, కాదనను. గుట్ట దాటించడమేం శిక్ష? ఆ నిండు పాతరలోనే నన్ను వేసి బండ మూసెయ్యండి. ఆవిరికి పొద్దుగూకేలోపు చస్తాను. పీడ వదులుతుంది మీకు" అంది పందికొక్కు.

ముందుగా తేరుకున్నది నక్క. పాపం, ప్రాణం తీసేంత నేరం ఏం చేసిందని, బుద్ధి చెప్పి పంపేస్తే పోలేదా అంది. గడువుకు ముందు మూత తీయకూడదని ఉడుము నియమం గుర్తు చేసింది.

కుందేలు తలెత్తి చూసింది. "నక్కమామా, దోసెడు గింజలకు నా పిల్లల మీద రాని జాలి, ఈ దొంగ మీద ఎక్కణ్ణుంచి వచ్చింది నీకు?"

చావబోయేవాడు ఊరకుంటే కాపలాదార్లకు ఎందుకంత బాధో ఎలుగుకు కూడా అర్థం కాలేదు. చాలా రోజుల తర్వాత దాని నిద్రమత్తు పూర్తిగా వదిలింది. ఆవిరికి జడిసి ఎవరూ తొంగి చూడకుండానే పందికొక్కును పాతరలో వేయించి, బండ మూయించి, మట్టి మెత్తించింది.

పొద్దుగూకేదాకా కుందేలు ఆ బండ పక్కనే కూర్చుంది. పందికొక్కు చస్తే గింజ ఉన్నట్టు. బతికితే తన పిల్లలకు తిండి లేనట్టు. అది చావాలని ఒకసారి, బతకాలని ఒకసారి అనిపించి, కుందేలుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పొద్దు వాలాక బండ తీశారు. పందికొక్కు ఒళ్ళు విరుచుకుంటూ బయటికొచ్చింది.

"చల్లగా హాయిగా ఉంది లోపల. పొద్దున బొక్క తవ్వుకుని దూరినప్పుడూ ఇంతే. దొంగిలిద్దామంటే ఒక్క గింజ లేదు. నేనొక్కణ్ణే గదా జొన్నలకు ఆశపడి లోపలిదాకా పోయి చూసింది."

లోపలినుంచి తెచ్చి నేలమీద అది పడేసినవి కౌజుపిట్టల ఈకలు, గుడ్డు పెంకులు. పక్క గుట్టమీద గింజ చల్లి కౌజులను దింపడం, పట్టిన పిట్టను ఎవరి కంటా పడకుండా పాతరలోనే కూర్చుని తినడం, గుడ్లు ఉడుముకు పెట్టడం, ఇదీ ఇన్నాళ్ళ కాపలా. ఒట్టు మాత్రం నక్క తప్పలేదు. ఈ గుట్టమీది ప్రాణిని ఒక్కదాన్నీ ముట్టలేదు.

నక్క మధ్యాహ్నమే జారుకుంది. మెడ పట్టినంత మేరే చూడమన్నారు, అంతే చూశానని ఉడుము వాదించింది. ఫిర్యాదు ఇప్పుడే గదా వచ్చిందని ఎలుగు సర్దుకుంది. తిలా పాపం తలా పిడికెడు.

కుందేలు ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేకపోయారు, అందరిదీ అదే గతి. పందికొక్కు తన బొరియ నిండా ఉన్న గింజ తీసి పంచింది. దొంగసొమ్మే, కానీ గింజ గింజే. వచ్చే ఏడు తనకూ వాటా ఉండాలంది. వాటాతోపాటు కాపలా కూడా ఇచ్చారు. అయితే ప్రతి పున్నమికీ దీపం దించి కుందేలు స్వయంగా చూస్తుంది. నా మీద నమ్మకం లేదా అత్తా అని పందికొక్కు నొచ్చుకుంటే, ఉంది గనకనే నిన్ను పెట్టాం, చూడటం వేరే సంగతి అంది కుందేలు. నలుగురు పిల్లలూ ఆ వేసవి దాటారు, బక్కచిక్కి అయినా సరే.

చల్లడానికి గింజ లేకపోవడంతో నక్కకు కౌజులు దిగడం మానేశాయి. ఈతచెట్ల కింద రాలిన పళ్ళు ఏరుకుంటూ కనిపించిందని పావురాలు చెప్పాయి. పండూ ఫలమూ తిని బతుకుతున్నానన్న దాని మాట చివరికి నిజమైంది.

కాపలాకు వచ్చినవాడు ఏం తినడో విని మురిసిపోకు, ఏం తింటాడో అడుగు.