బంగారి పాలపళ్లు

కూర్మదాసుగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే బదులు చెప్పేవారు కాదు. అడిగినవాళ్లకి ఏదో ఒక పని అప్పజెప్పేవారు. ఆ పని పూర్తయ్యేసరికి కొందరు ప్రశ్న మరిచిపోయేవారు, కొందరు ఆశ్రమాన్నే మరిచిపోయి ఇంటిదారి పట్టేవారు. నాగావళి ఒడ్డున, జీడితోటల మధ్య నాలుగు పాకల ఆశ్రమం అది. తెల్లవారుజామున ఏటి మీద మంచు పాలమీగడలా కట్టి ఉన్నప్పుడు అక్కడ కూర్చుంటే, లోకంలో చెడ్డతనమన్నది ఇంకా పుట్టనే లేదేమో అనిపించేది. వకుళకి మరీ అలా అనిపించేది. పట్నం విడిచి ఆయన శిష్యురాలైంది కూడా అందుకే.

వకుళది తీయని గొంతు. వచ్చే పున్నమికి చుట్టుపక్కల ఊళ్ల జనం వస్తారనీ, వాళ్లకి నాలుగు మంచిమాటలు చెప్పమనీ గురువుగారే ఆమెని అడిగారు. ఆ సంతోషంలో ఆమెకి కాళ్లు నేల మీద నిలవలేదు. ఏం చెప్పాలా అని ఆలోచించి ఆలోచించి, ఒక పొద్దున ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"గురువుగారూ, పున్నమినాడు నరకం గురించి చెబుదామనుకుంటున్నాను. మరిగే నూనె, ముళ్ల చెట్లు, అన్నీను. ఉత్త మంచిమాటలు ఎవరికి ఎక్కుతాయండీ? కాస్త భయం ఉంటేనే జనం దేవుడి దగ్గరికి వస్తారు. తప్పంటారా?"

ఆయన బోసినోటితో నవ్వారు. "మన బంగారికి పళ్లు తోముకోవడం నేర్పమ్మా. అదయ్యాక మాట్లాడుకుందాం."

బంగారి అంటే వంటపాకలో పనిచేసే పైడమ్మ కూతురు. దానికి మూడో ఏడు నడుస్తోంది. పిల్ల పాకే రోజుల్లో పైడమ్మ పప్పన్నం మెత్తగా పిసికి, గురువుగారికీ దానికీ కలిపి ఒకే గిన్నెలో పెట్టేది. "పళ్లు రాని గుంటొకతి, పళ్లు పోయిన తాతొకడు. ఇద్దరికీ రెండు గిన్నెలెందుకు?" అని నవ్వేది. తర్వాత బంగారికి పళ్లొచ్చాయి గానీ ఆ అలవాటు పోలేదు. పొద్దుటి బంతిలో అందరూ కూర్చోగానే పిల్ల ఆయన ఒళ్లోకెక్కి, గిన్నెలోంచి ముద్ద తీసి తనకి సగం, ఆయనకి సగం పెట్టేది. పెట్టి, చిట్టివేలితో ఆయన చిగుళ్లు తడిమి "పల్లేవీ తాతా?" అని అడిగేది. "నీకిచ్చేశాను కదే" అనేవారాయన. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు, కొత్తగా విన్నట్టు ఇద్దరూ విరగబడి నవ్వడం. నా అన్నవాళ్లు ఎవరూ లేని ఆ ముసలాయనకి పొద్దు పొడవడమంటే అదే. ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు. అయినా ఆశ్రమంలో తెలియనివాళ్లు లేరు.

అయితే పిల్ల రాత్రిళ్లు ఏడ్చినప్పుడల్లా పైడమ్మ బెల్లంపాలు సీసాలో పోసి నోటికి అందించి పడుకోబెట్టేది. ముందుపళ్ల మొదళ్లలో గోధుమరంగు మచ్చలు మొదలయ్యాయి. వకుళ అది చూపించి మందలిస్తే, "పాలపళ్లే గదమ్మా, ఎలాగూ ఊడిపోయేవే. ఆటికేటి సేవ?" అంది పైడమ్మ.

వకుళ సంతలో చిలకపచ్చ బ్రష్షు కొనితెచ్చింది. పళ్లంటే నోట్లో పూసిన మల్లెమొగ్గలని, పొద్దున్నే వాటికి నీళ్లు పోయాలని ఒక పాట కట్టింది. బంగారి పాటంతా బుద్ధిగా విని, బ్రష్షు తీసుకుపోయి కోడిపెట్ట ముక్కు తోమింది. మర్నాడు దాంతో ఇసుకలో గీతలు గీసింది. ఆ దారిన పోతున్న గురువుగారు ఆగి, "దాని ఎదురుగా కూర్చుని నీ పళ్లు నువ్వు తోముకో వకుళమ్మా. చూస్తుంది. చూసి చూసి అదే చేస్తుంది" అన్నారు.

"ఎప్పటికండీ?"

"దానికేం తొందర?"

తొందర వకుళకే. పున్నమి దగ్గరపడుతోంది. పని కాకపోతే ప్రశ్నకి జవాబు లేదు. రోజూ ఎదురుగా కూర్చుని తోముకుంది. పిల్ల ఒకరోజు వేలితో రెండు పళ్లు రుద్దుకుంది, ఇంకోరోజు బ్రష్షు నమిలింది, మరో రోజు అసలు నోరే తెరవలేదు. అలా ఒక పొద్దున వకుళ బియ్యపుగింజంత పేస్టు బతిమాలి బతిమాలి పెడితే, దాన్ని ఆమె తెల్లచీర మీదే ఉమ్మేసి కిలకిల నవ్వింది. వకుళకి తిక్కరేగింది. దూరంగా ఏటిగట్టు దిగుతున్నారు గురువుగారు. అవతలి ఊళ్లో ఎవరికో జబ్బుగా ఉందని పడవ ఎక్కడానికి వెళ్తున్నారు.

"అటు చూడు. తాత నోట్లో పళ్లున్నాయా?" అంది వకుళ. "చిన్నప్పుడు నీలాగే తోముకోలేదు. నల్లటి పురుగొచ్చి ఒక్కో పన్నూ కటకటా కొరికి తినేసింది. ఇప్పటికీ ఆ నోట్లోనే పడుకునుంది. నువ్వు తోముకోకపోతే ఒక్క గెంతున నీ నోట్లోకి దూకేస్తుంది!"

బంగారి నవ్వు ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి. మెల్లగా నోరు తెరిచింది. అన్నాళ్లూ మల్లెమొగ్గల పాటకి తెరుచుకోని నోరు అది. వకుళ సంబరంగా బ్రష్షు అందుకుంది.

ఆ మర్నాటి నుంచీ చెప్పించుకోకుండా పిల్లే బ్రష్షు పట్టుకొచ్చేది. రాత్రి సీసా తోసేసేది. "ఏం మంత్రం ఏసినారమ్మా!" అని పైడమ్మ ముక్కున వేలేసుకుంది. వకుళ చిన్నగా నవ్వి ఊరుకుంది. ఒకరోజు బంగారి ఉమ్మిన నురగ ఎర్రగా ఉంది. "చాల్లే తల్లీ, మెల్లగా" అంటే, "పులుగు" అని ఇంకా గట్టిగా రుద్దుకుంది. ఎంత శ్రద్ధ, అనుకుంది వకుళ.

అన్నాళ్లూ అవతలి ఊళ్లోనే ఉండిపోయిన గురువుగారు పున్నమి పొద్దున పడవ దిగారు. కొంగుచాటు దీపంలా, తుండుగుడ్డలో జాగ్రత్తగా చుట్టి తెచ్చారు రెండు మాగిన అరటిపళ్లు. వకుళ ఎదురెళ్లి, "మీరు చెప్పిన పని అయిందండీ" అంది. ఆయన సంతోషంగా తలూపి, బంతిలో కూర్చుని, పక్కనే పైడమ్మ పెట్టిన గిన్నె దగ్గరికి జరుపుకుని, తొడ మీద చేత్తో తట్టారు.

"రావే బంగారీ."

బంగారి రాలేదు. స్తంభం వెనకే నిలబడింది.

"ఏటైనాదే? తాతొచ్చినాడు, ఎల్లు" అని పైడమ్మ ముందుకి తోసింది. పిల్ల ఆటలాడుతోందనుకున్నారు ఆయన. చిగుళ్లన్నీ కనబడేలా నోరు బార్లా తెరిచి, వేలితో చూపించి, "పళ్లేవీ అని అడగవూ?" అన్నారు.

బంగారి కెవ్వుమంది. "అమ్మా, పులుగూ!" అంటూ తల్లి చీరలో దూరిపోయి, పురుగు దూకకుండా రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. బంతిలో చేతులన్నీ విస్తళ్లలో ఆగిపోయాయి. ఆయన నోరు తెరిచినట్టే ఉంది. అది మూసుకోవాలని కాసేపటికి గానీ ఆయనకి తోచలేదు.

వకుళ పరుగున వెళ్లి పిల్ల ముందు మోకాళ్ల మీద కూలబడింది. "లేదు తల్లీ, నేనే ఊరికే అన్నాను. అబద్ధం. తాత నోట్లో ఏ పురుగూ లేదు. నా మాట నమ్ము, నా బంగారు కదూ!"

"ఉంది" అంది బంగారి, వేళ్ల సందుల్లోంచి. "నువ్వే సెప్పినావు."

ఎంత బతిమాలినా అంతే. అరటిపండు చూపినా రాలేదు. ఆయన చేతిలోంచి వచ్చిందని ముట్టుకోలేదు కూడా. చివరికి పైడమ్మ లోపలికి వెళ్లి, తలెత్తకుండా ఇంకో గిన్నె తెచ్చింది. గురువుగారి గిన్నెలోంచి సగం అన్నం అందులోకి తీసుకుని, పిల్లని చంకనెత్తుకుని వంటపాకలోకి పోయింది.

ఏటిగట్టు మీద అప్పుడే జనం సందడి మొదలైంది. పిల్లల్ని భుజాలకెత్తుకుని, వకుళ మాటలు వినడానికి వస్తున్నారు. వకుళ గురువుగారి గిన్నె ముందు కూర్చుంది. కన్నీళ్లు తుడుచుకునే ధైర్యం కూడా లేదు.

"ఏదైనా అనండి గురువుగారూ. నన్ను తిట్టండి."

ఆయన మిగిలిన అన్నాన్ని తనే పిసుక్కున్నారు. ముద్ద చేశారు. అలవాటుగా దాన్ని సగానికి తుంచి, ఆ సగాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలోనే ఉంచుకున్నారు.

"తిట్టడమెందుకమ్మా? చెప్పిన పని చేశావు. పిల్ల పళ్లు తోముకుంటోంది" అన్నారు. "ఒళ్లోకి రావడం సంగతి నేను నీకు చెప్పలేదు కదా."