హెస్టర్ పేనిన మూడు తాళ్లు

అనగా అనగా, రైలుబండి ఇంకా ఆ వైపు రాని రోజుల్లో, ఇంగ్లండు దేశంలో ఎల్డర్‌ఫర్డ్ అని ఒక చిన్న సంత ఊరు ఉండేది. ఆ ఊళ్లో కమ్మరి ఉన్నాడు, జీనులు కుట్టేవాడు ఉన్నాడు, కొవ్వొత్తులు పోసేవాడు ఉన్నాడు. ఊరి చివర పొడవాటి పాకలో తాళ్లు పేనే ఆలుమగలు ఉన్నారు. మగడి పేరు ఏమస్, ఇల్లాలి పేరు హెస్టర్.

ఏమస్ చక్రం తిప్పేవాడు. హెస్టర్ నడుముకి నార చుట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ పురి పెట్టేది. ఆవును కట్టాలన్నా, బండి మీద సరుకు బిగించాలన్నా, చర్చి గంట మోగాలన్నా ఆ ఊరికి వాళ్ల తాడే కావాలి.

ఒక సంతనాడు పొద్దున హెస్టర్ ఆ వారమే విప్పిన కొత్త మోపులోంచి నార తీసుకుని పని మొదలుపెట్టింది. నాలుగడుగులు వేసిందో లేదో, చేతిలో పురి పుటుక్కున తెగింది. మళ్లీ పేనింది. మళ్లీ తెగింది. అనుమానం వచ్చి మోపు లోపలికి చెయ్యి పెట్టి చూసింది. నార నల్లబడి, ముక్కిపోయి, వేళ్ల మధ్య పొడిపొడిగా రాలింది. రేవు నుంచి వచ్చే దారిలో ఎక్కడో తడిసి ఉంటుంది. పైపొరలు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

ఆమెకి వెంటనే ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ మోపు నారతో పేనిన తాళ్లు మూడు అప్పటికే ఊళ్లోకి వెళ్లిపోయాయి. ఒకటి గార్లాండ్ అనే రైతు ఆబోతుకి కట్టాడు. ఒకటి నీటితో తిరిగే పిండిమరలో బస్తాలు పైకి లాగుతోంది. మూడోది బావులు తవ్వే జోబ్ తీసుకెళ్లాడు.

సంగతి ఏమస్‌కి చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు, పిరికివాడు. ఈ మాట బయటికి పొక్కితే మన గడప ఎవరూ తొక్కరన్నాడు. తాళ్లు ఎలాగో ఆగుతాయేమో, సంత అయ్యాక ఏదో వంక చెప్పి మార్చేద్దామని బతిమాలాడు.

"జోబ్ ఆ తాడు పట్టుకుని బావిలోకి దిగుతాడు," అంది హెస్టర్. నడుముకున్న నార విప్పి పడేసి బయటికి పరుగెత్తింది.

జోబ్ ఆవేళ ఊరికి అవతలి కొసన, సత్రం వెనక కొత్త బావి తవ్వుతున్నాడు. అక్కడికి వెళ్లాలంటే సంత దాటాలి, మర దాటాలి.

సంత కిటకిటలాడుతోంది. వెన్న బుట్టల మధ్య నుంచి, కోళ్ల గంపల మధ్య నుంచి హెస్టర్ తోసుకుంటూ వెళ్లింది. దారిలోనే గార్లాండ్ ఆబోతు. చుట్టూ పిల్లలు మూగి దాని కొమ్ములు చూస్తున్నారు. చూసీ చూడనట్టు పోవడానికి ఆమెకి మనసొప్పలేదు. తాడు మంచిది కాదని గార్లాండ్‌కి చెప్పింది. అతను నమ్మకపోతే, గోటితో పురి విప్పి నల్లటి పొడి చూపించింది. గార్లాండ్ పిల్లల్ని దూరంగా తరిమి, ఆబోతుకి గొలుసు వేయించాడు. ఆ తర్వాత సంతంతా వినేలా, ఆ పాకలో తాడు కొన్నవాడికి బుద్ధి లేదన్నాడు. బేరాలు ఆగిపోయాయి. అందరి కళ్లూ ఆమె మీదే. ఆమె తల వంచుకుని ముందుకు పరుగెత్తింది.

మర దగ్గర బస్తా సగం ఎత్తున వేలాడుతోంది. దాని కిందనే ఒక కూలివాడు నిలబడి ఉన్నాడు. మర చక్రం హోరులో ఆమె కేక ఎవరికీ వినపడలేదు. హెస్టర్ వెళ్లి అతన్ని రెండు చేతులా తోసేసింది. వెంటనే తాడు తెగి, బస్తా పడి పగిలింది. అంతా తెల్లటి పిండి. మర యజమాని పాస్క్ దిగి వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఈ నష్టానికి జవాబు చెప్పి కదలమన్నాడు.

"నన్ను తర్వాత పట్టుకోండి," అంది హెస్టర్. "జోబ్ బావిలో ఉన్నాడు."

పాస్క్ చెయ్యి వదిలేశాడు. ఆమె వెనకే తనూ పరుగెత్తాడు.

సత్రం వెనక ఇద్దరు మనుషులు గిలక తిప్పుతున్నారు. జోబ్ అప్పటికే సగం దూరం పైకి వచ్చాడు. హెస్టర్ చూస్తుండగానే తాడులో ఒక పోగు తెగి విడిపోయింది. తర్వాత ఇంకొకటి. గిలక ఆపమని అరిచి, ఆమె బావి అంచున బోర్లా పడుకుని లోపలికి తొంగి చూసింది.

"జోబ్, నేను హెస్టర్‌ని. నా తాడు కుళ్లింది. బరువు దాని మీద వెయ్యకు. వీపు ఒక గోడకి ఆనించి, కాళ్లు రెండో గోడకి తన్నిపెట్టు."

అడుగున చీకటి. జోబ్ వెంటనే చెప్పినట్టే చేశాడు. బావి ఇరుకైనది గనక నిలదొక్కుకున్నాడు. కానీ కాసేపటికే అతని కాళ్లు వణకడం పైవాళ్లకి కనిపించింది. వేరే తాడు లేదు. గట్టి తాళ్లన్నీ పాకలో ఉన్నాయి, పాక ఊరికి ఆ కొసన ఉంది. పాస్క్ తన కోటు విప్పి లోపలికి వేలాడదీశాడు. అది అందలేదు.

అప్పుడు వీధిలో పరుగు చప్పుడు వినిపించింది. భుజాన ఇదివరకటి మంచి నారతో పేనిన మోకు వేసుకుని, ఒగరుస్తూ ఏమస్ వచ్చాడు. భార్య వెళ్లాక ఆయన ఒంటరిగా చక్రం ముందు నిలబడలేకపోయాడు. వస్తూనే మోకును గిలక గుంజకి కట్టి, రెండో కొస బావిలోకి వదిలాడు. జోబ్ దాన్ని చంకల కింద బిగించుకున్నాడు. అందరూ కలిసి లాగారు. అతని చెయ్యి ఒడ్డు మీద పడిందో లేదో, కుళ్లిన తాడు తన బరువుకే తెగి లోపలికి జారిపోయింది. అది అడుగున నీళ్లలో పడ్డ చప్పుడు అందరికీ వినిపించింది.

జోబ్ గడ్డి మీద కూలబడ్డాడు. ఆ తర్వాత హెస్టర్ వైపు చూశాడు.

"నువ్వు రాకపోయినా నిన్నెవరూ ఏమీ అనేవాళ్లు కాదు," అన్నాడు మెల్లగా. "బావుల్లో పడి చచ్చేవాళ్లు ఎంతమంది లేరు. అయినా వచ్చావు."

ఆ సాయంత్రం ఆలుమగలు చెడిన మోపును సంత నడిమధ్యకి తెచ్చి తగలబెట్టారు. సంగతి దాచిపెడదామన్నది తానేనని ఏమస్ అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆ చలికాలం వాళ్లకి కష్టంగానే గడిచింది. జనం పక్క ఊరు వెళ్లి తాళ్లు కొన్నారు. పాకలో చక్రం తిరగని రోజులు ఎన్నో.

మంచు కరిగాక ఒక ఉదయం జోబ్ గుమ్మంలో నిలబడ్డాడు. ఇంకో బావి తవ్వాలి, తాడు కావాలన్నాడు. తాడులో లోపముంటే పరుగెత్తుకొచ్చి చెప్పేవాళ్లు పక్క ఊళ్లో ఉన్నారో లేదో తనకి తెలియదన్నాడు. అతని తర్వాత పాస్క్ వచ్చాడు. అందరికన్నా ఆఖరున, గొణుక్కుంటూ, గార్లాండ్ వచ్చాడు.

కాబట్టి పిల్లలూ, మన పొరపాటు ఇంకొకరి ప్రాణం మీదికి రాకముందే దాన్ని మన నోటితో మనమే చెప్పాలి. ఆ సిగ్గు కొన్నాళ్లకి చెరిగిపోతుంది, నిజం చెప్పినందుకు వచ్చే నమ్మకం మాత్రం నిలిచిపోతుంది.