నాలుగో గిన్నె

త్రిపురసుందరి గారిని ప్రశ్న అడగడం తేలిక, జవాబు రాబట్టడం కష్టం. అడిగిందంతా తలాడిస్తూ వింటారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, "చూద్దాం నాయనా" అంటారు. ఆ చూద్దాం ఒక్కోసారి ఒక పూటలో తేలుతుంది, ఒక్కోసారి వారం పడుతుంది. ఈలోగా ఏదో ఒకటి జరుగుతుంది. అదే జవాబని శిష్యుడు తనంతట తాను పోల్చుకోవాలి. పోల్చుకోలేక మళ్ళీ వచ్చి అడిగితే ఆవిడ మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుంటారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఓడల మీద కబుర్లు అందుకునే యంత్రాలకు ప్రోగ్రాములు రాశారు. రిటైరయ్యాక పెదవాల్తేరులో మేడమీది గదిలో కొద్దిమందికి కెర్నెల్ పని నేర్పుతున్నారు. కంప్యూటరులో మనం చూసేదంతా ముందుగది అనుకుంటే, కెర్నెల్ లోపలి వంటిల్లు. అక్కడ అందరి సామానూ ఒకే చోట ఉంటుంది. మధ్యలో గోడలుండవు. చెయ్యి కాస్త పక్కకు జరిగితే పక్కవాళ్ళ డబ్బాలోకి పోతుంది, ఇదేమిటని అడ్డుపడే దిక్కు ఉండదు. అందుకే ఆ పనికి తెలివి ఒక్కటే చాలదని ఆవిడ అభిప్రాయం. ఏం కావాలో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

భీమిలి పక్క పల్లె నుంచి వచ్చే నూకరాజు ఆ శిష్యుల్లో చురుకైనవాడు. ఆ సంగతి అతనికి కూడా తెలుసు, చిక్కంతా అక్కడే వచ్చింది. అతని తండ్రి ఎర్రయ్య పడవ మీద వేటకు వెళ్ళే మనిషి. కిందటేడు తుఫాను కబురు అందక గాలివానలో చిక్కుకుని, తెల్లారాక ఎక్కడో దూరాన ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. ఆ రాత్రి ఇసుకలో కూర్చున్న తల్లి ముఖం నూకరాజు మరిచిపోలేదు. అప్పుడు పట్టుకున్న పని ఇది: వాతావరణ కబుర్లను అందుకుని తెలుగు అక్షరాల్లో చూపించే చిన్న పెట్టె. సోమవారం అది ఎర్రయ్య పడవ ఎక్కాలి. "మీ మేడం గారు సరే అంటేనే ఎక్కించు. లేకపోతే నాకొద్దు" అన్నాడు ఎర్రయ్య. కొడుకు తెలివి మీద ఆయనకు గౌరవం ఉంది, కొడుకు తొందర మీద భయమూ ఉంది.

పెట్టెలోకి వచ్చే ప్రతి కబురూ ప్యాకెట్టుగా వస్తుంది. దాని ముందు భాగాన్ని హెడర్ అంటారు. ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి, ఏ రకం, పొడవెంత అన్నవి అందులో ఉంటాయి. కెర్నెల్ ముందు ఆ నాలుగు ముక్కలూ చదువుకుని, తరవాత అసలు కబురు అందుకుంటుంది. నూకరాజు రాసింది సరిగ్గా ఆ చదివే భాగమే. మంచి వేగంగా పనిచేస్తుంది. త్రిపురసుందరి గారు అంతా చదివి, ఒక్క వరుస మీద వేలు పెట్టి, "ఇక్కడ కొలిచావా?" అన్నారు. హెడర్ చెప్పిన పొడవు ఎంతో చూసి, అంత మేరా తీసుకునే వరుస అది.

నూకరాజుకు ఒళ్ళు మండింది. "పొడవెంతో పంపినవాడే రాసి పంపాడు కదా మేడం! మళ్ళీ కొలవడమెందుకు? అది వాడిని అనుమానించడం కాదా? మా సముద్రం మీద మాట నమ్మే బతుకుతాం. పక్క పడవవాడు వల ఇంత పొడుగు అంటే ఇంతే, మళ్ళీ మూర వేసి చూడం."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూద్దాం నాయనా. ముందు భోజనాలు కానీండి" అన్నారు.

ఆ గదిలో మధ్యాహ్నం భోజనానికి ఒక పద్ధతి ఉంది. ఎవరి క్యారేజీ వాళ్ళు తెచ్చుకుంటారు. బల్ల చిన్నది కాబట్టి క్యారేజీలన్నీ విప్పి, గిన్నెలు వరసగా కిటికీ కింద బెంచీ మీద పెడతారు. రోజుకొకరు అందరికీ వడ్డిస్తారు, ఎవరి గిన్నెలోది వాళ్ళ కంచంలోకి. త్రిపురసుందరి గారికి క్యారేజీ వీధి చివరి మెస్ నుంచి వస్తుంది. దాని పిడికి ఒక రేకుబిళ్ళ వేలాడుతుంటుంది. దాని మీద ఆవిడ పేరు, కింద 'శాకాహారం', దాని కింద 'గిన్నెలు నాలుగు' అని పెయింటుతో రాసి ఉంటుంది. ఆవిడ చేప ముట్టరు. ముట్టే వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఏనాడూ సందేహించలేదు.

ఆ రోజు వడ్డన వంతు నూకరాజుది. మేడం క్యారేజీ మేడమే విప్పి, గిన్నెలు బెంచీ మీద సర్దారు. వాటిని ఆనుకుని నూకరాజు గిన్నెలు, వాటి పక్కన తోటి విద్యార్థిని షాహిదావి ఉన్నాయి. అన్నీ ఒకే రకం స్టీలు గిన్నెలు. నూకరాజు గరిటె అందుకున్నాడు కానీ వాదన వదల్లేదు. అన్నం పెడుతూ వేగం గురించి చెప్పాడు, పప్పు వేస్తూ నమ్మకం గురించి చెప్పాడు, వేపుడు వేస్తూ అనవసరపు కొలతల వల్ల ఎంత ఆలస్యమవుతుందో చెప్పాడు. రేకుబిళ్ళ మీద నాలుగని ఉంది, నాలుగోది రోజూ పులుసే. చూపు మేడం ముఖం మీదే ఉంచి, చెయ్యి పక్క గిన్నె మీదికి చాచి, ఎర్రటి పులుసు నిండా ముంచి ఆవిడ అన్నం మీద పోశాడు.

"ఒరేయ్ నూకరాజూ, అది నీ గిన్నెరా!" అని షాహిదా గట్టిగా అరిచింది.

నూకరాజు కంచంలోకి చూశాడు. తెల్లటి అన్నం మీద రెండు చిన్న చేపలు, నెత్తళ్ళు, తలలతో సహా, తీరిగ్గా పడుకుని ఉన్నాయి. తెల్లవారుజామున అమ్మ తనకోసం చేసి కట్టిచ్చిన పులుసు అది. బెంచీ వైపు చూస్తే మేడం గిన్నెలు మూడే ఉన్నాయి. మెస్సులో ఆ రోజు పులుసు కాయలేదు, మూడు గిన్నెలే పేర్చి పంపారు. రేకుబిళ్ళ రోజూ ఉండేదే కాబట్టి అలాగే ఉండిపోయింది. అందులో ఎవరి మోసమూ లేదు.

అతను గరిటె కింద పెట్టేశాడు. సిగ్గుతో తల భూమిలోకి కుంగిపోయినట్టయింది. ఈ ఇంట్లో తన గిన్నెను ఎవరూ వేరుగా పెట్టలేదు, ఆ మంచితనానికి తాను చేసిన మర్యాద ఇదీ అనుకున్నాడు. "మేడం, క్షమించండి. నాలుగని ఉంది కదాని..." అంటుండగానే తానేమన్నాడో తన చెవులకే వినపడింది.

త్రిపురసుందరి గారు కోప్పడలేదు. కంచం నెమ్మదిగా అతని వైపు జరిపారు. "మీ అమ్మ నీకు చేసింది, నువ్వే తిను. చల్లారిపోతుంది." తన పక్కనున్న ఇంకో కంచం ముందుకు లాక్కుని, మిగిలిన అన్నం, పప్పు తానే పెట్టుకున్నారు.

"మెస్సు వాళ్ళకు ఫోన్ చేసి అడగనా మేడం?" అంది షాహిదా.

"ఎందుకమ్మా? వాళ్ళ మీద నాకేం అనుమానం లేదు. రేపూ పంపుతారు, రేపూ తింటాను" అన్నారావిడ. ఆ మాట షాహిదాకే చెప్పినా, తగలవలసిన చోట తగిలింది.

నూకరాజు ఆ కంచంలోనే తిన్నాడు. మొదటి రెండు ముద్దలు రుచి తెలియకుండానే మింగాడు. మూడోదానికి అమ్మ చేతి పులుపు నాలుకకు తెలిసింది, ఆకలీ తెలిసింది. ఆ గదిలో అతను తిన్నంతసేపూ నోరు మూసుకుని ఉండడం అదే మొదలని షాహిదా తరవాత చాలాకాలం ఏడిపించింది.

చెయ్యి కడుక్కుని తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్ళాడు. నాలుగో గిన్నె లేనప్పుడు తన ప్రోగ్రాము చెయ్యి ఎక్కడికి చాస్తుందో చూడాలనిపించింది. ముందు మామూలు కబురొకటి పంపాడు: ఈ రాత్రి నుంచి భీమిలి తీరంలో అలలు మామూలే, వేటకు వెళ్ళవచ్చు. తరవాత తుఫాను కబురు పంపాడు, కాని సగానికి తెంచి. హెడర్‌లో పొడవు మాత్రం పూర్తిదే ఉంచాడు. కావాలని తెంచాడు కానీ, గాలివానలో కబురు ఇలాగే తెగుతుందని అతనికి తెలుసు. పంపింది ఇంతే: ఈ రాత్రి నుంచి భీమిలి తీరంలో.

పెట్టె ఒక్క క్షణం కూడా తడబడలేదు. పొడవు ఎంతని రాసి ఉందో అంతా తీసుకుంది. లేని సగం కోసం పక్కకు చెయ్యి చాచి, పాత కబురులో మిగిలిపోయిన ముక్క అందుకుని, చక్కటి తెలుగులో చూపించింది: ఈ రాత్రి నుంచి భీమిలి తీరంలో అలలు మామూలే, వేటకు వెళ్ళవచ్చు.

నూకరాజు దాన్ని చదివాడు, మళ్ళీ చదివాడు. ఎక్కడా అతుకు కనిపించలేదు. తండ్రి ఈ అక్షరాలు కూడబలుక్కుని చదివి, కొడుకు పెట్టె చెప్పిందని నమ్మి, తాడు విప్పి పడవ నెట్టుకుంటూ పోవడం కళ్ళకు కట్టింది. అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళ నీళ్ళు తిరిగాయి. షాహిదా చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

కాసేపటికి లేచి, మేడం వేలు పెట్టిన వరుసకు పైన కొత్త వరుసలు రాశాడు. వచ్చింది ఎంతో కొలువు. చెప్పినంతా రాకపోతే చెయ్యి చాచకు, మళ్ళీ అడుగు. పెద్ద పనేం కాదు, వేగం తగ్గిందా అని చూస్తే తగ్గినట్టే తెలియలేదు. మళ్ళీ ఆ తెగిన కబురే పంపాడు. పెట్టె ఈసారి, కబురు సగమే అందింది, మళ్ళీ అడుగుతున్నాను, అని చూపించింది. ఆ చిన్న వాక్యం చూసి నూకరాజుకు కలిగిన సంతోషం, పెట్టె మొదటిసారి వెలిగిన రోజున కూడా కలగలేదు.

త్రిపురసుందరి గారు వచ్చి, నిలబడే చదివి, "సోమవారం ఎక్కించుకోమని నాన్నగారికి చెప్పు" అన్నారు. అతను అప్పటికప్పుడే ఫోన్ చేశాడు. అవతల ఎర్రయ్య, "మీ మేడం గారు తిట్టారేటి? గొంతు అలాగుంది?" అని అడిగాడు. "తిట్టలేదు నాన్నా, భోజనం పెట్టారు" అన్నాడు నూకరాజు.

సాయంత్రం అందరూ వెళ్ళాక అతను కంచాలు కడుగుతున్నాడు. మేడం దగ్గర నుంచి వచ్చినవి రెండు. ఒకటి తాను తిన్నది, రెండోది ఆవిడ తిన్నది. ఆ రెండోది క్యారేజీ విప్పకముందే, శుభ్రంగా కడిగి, తడి తుడిచి, ఆవిడ పక్కన బోర్లించి ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చేతులు తుడుచుకోకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడం, బిళ్ళ మీద నాలుగని ఉంది. మూడే వచ్చాయని విప్పకముందే మీకు ఎలా తెలిసింది?"

ఆవిడ ఖాళీ క్యారేజీ పిడి పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకెళ్తున్నారు. ఆగి, దాన్ని చేతిలో ఒకసారి కొద్దిగా పైకెత్తి చూశారు.

"పట్టుకున్నప్పుడు తేలిగ్గా ఉంది నాయనా."