ఏ కాలికి కట్టు

ఆ ఏడు తిరునాళ్ళలో కూడా చెడుగుడు షీల్డు కేశవులు జట్టుకే వచ్చింది. ఊపిరి బిగబట్టి కూత పెడుతూ అతను గీత దాటాడంటే, అవతలి జట్టులో ఇద్దరైనా అవుట్ కావలసిందే. పల్నాడులో పసిపిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. అలాంటివాడితో ఊరి పెద్దలు ఒక మాట అననే అన్నారు.

"వయసు మీద పడుతుంది కేశవులూ. ఇక నుంచి కూతకు మస్తాన్‌ను పంపి చూడు."

మస్తాన్ జట్టులో అందరికంటే చిన్నవాడు, మంచి దూకుడు ఉన్నవాడు. ఆ రోజు నుంచి అతను కేశవులుకు కంట్లో నలుసయ్యాడు.

షీల్డు చంకన పెట్టుకుని కేశవులు నేరుగా గురువు అంకయ్య ఇంటికి వెళ్ళాడు. అతనికి ఆట నేర్పింది ఆయనే. ఒకప్పుడు అంకయ్య పేరు చెబితే ఎదుటి జట్లకు కాళ్ళు వణికేవి. ఇప్పుడు అరవైకి దగ్గరపడి, వాకిట్లో కూర్చుని పలుపుతాడు పేనుకుంటున్నాడు.

"గెలిచొచ్చినోణ్ణి పక్కకు జరగమంటున్నారండీ," అన్నాడు కేశవులు. "నా మోకాలు పట్టు తప్పిన రోజు నేనే చెప్తాను గదా. మీరు గూడా మోకాలు చెడ్డాకే గదా నన్ను పంపింది."

అది ఊరంతా ఎరిగిన కథే. అప్పట్లో ఫైనల్ ఆట మధ్యలో అంకయ్య మోకాలికి తువ్వాలు బిగించి కట్టుకుని గీత పక్కన కూర్చుండిపోయాడు. మీసాలైనా సరిగా రాని కేశవులును కూతకు పంపాడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ కూతకు వెళ్ళలేదు.

అంకయ్య షీల్డు అందుకున్నాడు. పైపంచెతో తుడిచి, దాని మీద కిందటేళ్ళ విజేతల వరసలో చెక్కిన శిష్యుడి పేరు పైకి చదువుకున్నాడు. ఆయన గర్వం ముఖంలో దాగలేదు. షీల్డును అరుగు మీద పెట్టి, పంచె ఎగగట్టి, కాలితో వాకిట్లో ఒక గీత గీశాడు.

"నిలబడరా. పట్టుకో నన్ను."

కేశవులు నవ్వబోయాడు. అప్పటికే కూత మొదలైంది. పెద్దాయన ఎడమకు వంగినట్టే వంగి, కుడికి తిరిగి, శిష్యుడి భుజం తట్టాడు. కేశవులు కాలు పట్టబోయేసరికి, ఒక్క ఎగురు ఎగిరి గీత అవతల దిగాడు. కూత ఎక్కడా తెగలేదు.

కేశవులు గురువు మోకాళ్ళ వంక చూశాడు.

"ఆనాడు కట్టు కట్టుకుంది ఏ కాలికండీ?"

"నాకే గుర్తులేదురా."

"మరి ఎందుకు కూర్చున్నారు?"

"నువ్వు ఓడితే లోపలికి దిగి గెలిపించే సత్తా నాకింకా ఉన్న రోజది," అన్నాడు అంకయ్య, మళ్ళీ పలుపుతాడు అందుకుంటూ.

మరుసటి ఏడు తిరునాళ్ళలో, ఫైనల్లో పాయింట్లు సమానమయ్యాయి. మిగిలింది ఒక్క కూత. జనం కేశవులు పేరు పెట్టి అరుస్తున్నారు. అతను గీత దాకా వచ్చి ఆగాడు. నడుముకున్న తువ్వాలు విప్పి, కింద కూర్చుని మోకాలికి చుట్టుకోసాగాడు.

మస్తాన్ కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. "ఏ కాలు నొప్పి అన్నా?"

"ఏదో ఒకటిలేరా. నువ్వు కూతకెళ్ళు."

ముందు వరసలో కూర్చున్న అంకయ్య మీసం మెలేశాడు.