యంత్రం బయట పాదాలు

వినవే అమ్మాయ్, ఈ కథలో ఒక్క మాట అబద్ధమైతే రేపటి నా పెసరట్టు పెనానికి అతుక్కుపోవాలి. అంతకు మించిన ఒట్టు నా దగ్గర లేదు.

విశాఖలో ఒక పెద్దాసుపత్రి. అక్కడ మెదడు ఆపరేషన్లు చేసే దమయంతి గారి దగ్గర వినీల్ అనే కుర్ర డాక్టరు శిష్యరికం చేసేవాడు. తెలివంటే ఇంతా అంతా కాదు, ఆ తలకు స్కాన్ తీయాలంటే రెండు యంత్రాలు కావాలి. గాటు పెట్టకుండా, సూది గుచ్చకుండా, పుర్రె లోపలి మెదడుకు బొమ్మ తీయడం అతని పని.

"మనిషితో మాటలెందుకు మేడమ్, బొమ్మ చాలు" అనేవాడు. నిజానికి మాట్లాడ్డానికి అతనికీ ఎవరూ లేరు. హాస్టల్ గదిలో ఫ్యాను కిర్రుమంటే అదే పలకరింపు.

ఒకనాడు నౌపడ ఉప్పుమళ్ల కాపలాదారు నూకయ్య వచ్చాడు. చుట్టూ ఆకాశమంత ఉప్పు, మధ్యలో పాక, అందులో తనొక్కడే. తలలో ఎడమవైపు, మాట పుట్టే చోటుకు ఆనుకుని కణితి. మర్నాడే ఆపరేషన్.

మనసులో మాట అనుకుంటే చాలు, మెదడులో అది పుట్టే చోటుకు రక్తం ఎక్కువగా పారుతుంది. యంత్రం అక్కడ ఎర్రరంగు వేసి చూపిస్తుంది. కత్తి ఆ ఎరుపును తప్పించుకుని వెళ్లాలి. ఎరుపు తెలియకపోతే కణితితో పాటు మాటా పోవచ్చు.

వినీల్ అద్దం అవతలినుంచి మైకులో చెప్పాడు: "కూరగాయల పేర్లు అనుకో. పెదవి కదపకు."

బొమ్మ బూడిదరంగులో వచ్చింది. మళ్లీ తీశాడు. మళ్లీ బూడిదే.

"అనుకున్నావా లేదా?"

"ఒకటో రెండో అనుకున్నాను బాబూ. ఇనేవోళ్లు నేకుండా మాటెలాగొస్తాది?"

వినీల్ విసుక్కుంటూ గురువు దగ్గరికి పోయాడు. "మొండిఘటం మేడమ్. చెప్పింది చెయ్యడు."

దమయంతి గారు కాఫీ గ్లాసు దించారు. "నువ్వెప్పుడైనా అందులో పడుకున్నావా?"

"నేనెందుకు మేడమ్?"

"పద."

వినీల్ గడియారం, బెల్టు తీయించి, తలకు పంజరం లాంటి చట్రం బిగించి యంత్రంలోకి తోశారు. వెయ్యి రోళ్లలో వెయ్యిమంది రాక్షసులు ఒక్కసారి దంచినట్టు మోత. మైకులో టెక్నీషియన్ "కూరగాయలు" అని ఊరుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ పలకలేదు.

వంకాయ, అనుకున్నాడు వినీల్. బెండకాయ.

అంతే. దేశంలో తోటలన్నీ ఎండిపోయినట్టు ఇంకో పేరు రాలేదు. వంకాయ కూర చివరిసారి ఎవరి పక్కన కూర్చుని తిన్నాడో గుర్తు చేసుకోబోయాడు. అదీ రాలేదు. అవతల అసలెవరైనా ఉన్నారా?

అప్పుడు కాలికి ఏదో వెచ్చగా తగిలింది. ఎవరో అతని బొటనవేలు పట్టుకున్నారు. పట్టుకుని, వదల్లేదు.

దొండకాయ. మునక్కాయ. మేనత్త వండే పనసపొట్టు. ఎవరికో చెబుతున్నట్టు సంతకు సంతే కదిలొచ్చింది.

బయటికి లాగాక చూస్తే దమయంతి గారు. యంత్రం అయస్కాంతం కదా, అది లాగేస్తుందని గాజులు, గడియారం, జడపిన్నులు అన్నీ తీసేసి, విరబోసిన జుట్టుతో కాళ్ల దగ్గర నిలబడి ఉన్నారు.

వినీల్ గబుక్కున కాళ్లు ముడుచుకున్నాడు. "మీరు నా కాళ్లు పట్టుకోవడమేమిటి మేడమ్!"

"బయట ఉన్నవి అవే కదా నాయనా" అన్నారావిడ, జుట్టు ముడేసుకుంటూ.

తెర మీద అతని బొమ్మ మొదట బూడిద. తర్వాత మిరపకళ్లంలా ఎరుపు. వినీల్ దాన్ని చాలాసేపు చూశాడు. తీసిన గడియారం, బెల్టు మళ్లీ పెట్టుకోకుండానే వెళ్లి నూకయ్యను మళ్లీ పడుకోబెట్టాడు.

"తాతా, ఈసారి నాకు చెప్పు."

ఉప్పుకు పగిలిన ఆ పాదం పట్టుకుని యంత్రం ఆగేదాకా కూర్చున్నాడు.

మర్నాడు ఆపరేషనయ్యాక నూకయ్య కళ్లు తెరిచాడు. ఆసుపత్రి మొత్తం ఊపిరి బిగబట్టింది, గోడమీద బల్లితో సహా. ముసలాడు వినీల్ కోసం చూసి, పెదవులు తడుపుకుని అన్నాడు:

"బీరకాయ మరిసిపోనాను బాబూ."

సరే, ఇంకా కూర్చున్నావేమే అమ్మాయ్? చివరింటి రామసుబ్బమ్మ తలుపు పొద్దుటి నుంచి తీయలేదు. ఇదిగో, బీరకాయ పచ్చడి గిన్నె. ఇచ్చి పరిగెత్తుకు రావడం కాదు, పక్కన కూర్చో. ఆవిడ మాటలయ్యేదాకా గిన్నె అడక్కు.