పొగ చూసి వచ్చిన అతిథులు

అనగా అనగా, సముద్రం ఇప్పటికన్నా ఊళ్ళకు ఇంకాస్త దగ్గరగా ఉండి, గోడవతల నిలబడి మనుషుల మాటలు వింటుందని అందరూ నమ్మే కాలంలో, లవణావతి అనే చిన్న రాజ్యం ఉండేది. అక్కడి జనం ఉప్పు పండించేవారు. మడుల్లోకి సముద్రపు నీరు తోడటం, ఎండకు వదలటం, తేలిన ఉప్పును పారతో లాగి కుప్ప పోయటం, ఇదే వాళ్ళ బతుకు.

ఆ రాజ్యంలో ఒక మంచి ఆచారం ఉండేది. ఎప్పటి కాలంలోనో ఒక మహారాణి పెట్టింది. పొద్దు వాలే వేళకు కోట బురుజు మీద కాపలావాడు నిలబడి ఊరంతా కలయజూసేవాడు. ఏ ఇంటి కప్పు మీద పొగ లేవలేదో, ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదన్నమాట. పని దొరకలేదా, ఒంట్లో బాగా లేదా అని ఎవరూ అడగరు. తెల్లవారేసరికి ఆ గడప ముందు ఒక గంప బియ్యం ఉంటుంది. తెచ్చినవాడు మొహం పక్కకు తిప్పుకుని గంప దించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతాడు. మళ్ళీ పని దొరికి పొగ లేచిందంటే గంప ఆగిపోతుంది.

ఇంత సులువైన ధర్మాన్ని చెడగొట్టాలంటే చాలా తెలివి ఉండాలి. ఆ తెలివి దండపాణికి ఉంది.

దండపాణి కొత్తగా వచ్చిన ధాన్యాధికారి. దొంగ కాడు, పాపం. రాజుగారి గింజ ఒక్కటి కూడా ఇంటికి పట్టుకుపోయి ఎరగడు. కానీ ఊరికే పెడితే జనం సోమరులైపోతారని అతని గట్టి నమ్మకం. ఆ ఏడు వేసవిలోనే వానలు దంచికొట్టాయి. మడుల్లో ఉప్పంతా కరిగిపోయింది, గట్లు తెగిపోయాయి. వీధులకు వీధులే పని లేక కూర్చున్నాయి. పొగ లేవని కప్పులు పెరిగాయి, గంపలూ పెరిగాయి. దండపాణికి నిద్ర కరువైంది.

"వీళ్ళలో సగం మంది కావాలనే పొయ్యి ఆర్పుకుంటున్నారు. కాస్త సిగ్గు పుట్టిస్తే ఎవరు నిజంగా లేనివాళ్ళో తేలిపోతుంది," అన్నాడు.

మర్నాటి నుంచి గంప వెంట డప్పు వచ్చింది. గంప దించిన గడప ముందు డప్పు మోగించి, "ఈ ఇంటివాళ్ళు రాజుగారి కూడు తింటున్నారహో!" అని కేక పెట్టేవారు. పోతూ పోతూ తలుపు మీద సున్నంతో అడ్డంగా ఒక గీత గీసేవారు.

లవణావతి జనం ఉప్పూ కారం తినే మనుషులు. పస్తులైనా ఉంటారు గానీ మాట పడరు. అందుకే ఎక్కడా ఎవరూ చేయని పొరపాటు ఒకటి చేశారు. పొయ్యిలో తడిగడ్డి కుక్కి, దాని మీద ఖాళీ కుండ పెట్టి, పొగ లేపారు. ఒక ఇంట్లో మొదలైంది, వీధంతా పాకింది. కొన్నాళ్ళకు బురుజు మీది కాపలావాడికి ప్రతి కప్పు మీదా పొగ కనిపించింది.

"మహాప్రభూ, తమ దేశంలో ఆకలి లేదు," అని దండపాణి చేతులు కట్టుకుని విన్నవించాడు. రాజుగారు ముసలివారు, మంచివారు, చెవిన పడినదల్లా నమ్మేవారు. ఎంతో సంతోషించారు.

ఉప్పు మడుల వైపున్న వీధిలో చివరి ఇల్లు నూకాలుది. ఆమె మొగుడు ఎర్రయ్య మడుల్లో పార లాగేవాడు. ఇప్పుడు పొద్దున్నే పని వెతుక్కుంటూ పోయి, పొద్దు వాలేలోగా చేతులూపుకుంటూ తిరిగి వస్తున్నాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, పేరు పైడి. నిద్రలో కూడా కిలకిలా నవ్వే పిల్ల. గడప ముందు మొదటిసారి డప్పు మోగిన రోజున నూకాలు తలుపు తీయలేదు. బియ్యాన్ని కాకులు తిన్నాయి. ఆ సాయంత్రమే ఆమె కూడా పొయ్యిలో తడిగడ్డి అంటించింది.

"అమ్మా, అన్నం వండుతున్నావా?" అంది పైడి.

"ఆఁ, వండుతున్నానే. ఉడకనీ."

పిల్ల కుండవైపే చూస్తూ చూస్తూ ఒరిగి నిద్రపోయింది. నూకాలు చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

లవణావతిలో ఇంకో మర్యాద ఉంది. పొగ లేచిన ఇంటికి అతిథి వస్తే విస్తరి వేసి తీరాలి.

ఆ సాయంత్రమే గుమ్మంలో ఒక ముసలమ్మ నిలబడింది. మోకాళ్ళ దాకా ఆమె కాళ్ళకు తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. తడి ఇసుకలో నడిచి వచ్చింది, కానీ వెనక ఒక్క అడుగుజాడ కూడా పడలేదు.

"పొగ చూసి వచ్చానమ్మా. విస్తరి వెయ్యి."

 ఎదురింటి సన్నాసమ్మ వింటుందేమోనని నూకాలు గొంతు పెంచి, "అయ్యో, ఇప్పుడే తిన్నామవ్వా. కుండ కూడా కడిగేశాను," అంది.

"కడుపు నిండా తిన్నారా?"

"నిండా తిన్నాం."

ముసలమ్మ కోప్పడలేదు. "నిండిన ఇంట్లో ఏదో ఒకటి మిగిలే ఉంటుందిలే. అది పట్టుకుపోతాను," అంది. నూకాలు కళ్ళు మూసి తెరిచేసరికి గుమ్మం ఖాళీ.

తెల్లవారి పైడి లేచి, గోడ మీద తొండను చూసి నోరంతా తెరిచి నవ్వింది. చప్పుడు రాలేదు. బుగ్గలు సొట్టలు పడ్డాయి, భుజాలు ఎగిరిపడ్డాయి, ఇంట్లో మాత్రం చీమ చిటుక్కుమనలేదు.

రెండో సాయంత్రం ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. అతని నడుము దాకా ఉప్పు. ఈసారి ఎర్రయ్య ఇంట్లోనే ఉన్నాడు.

"పొగ చూసి వచ్చానన్నా. విస్తరి వెయ్యి."

ఎర్రయ్య పౌరుషం గల మనిషి. అప్పటికి రెండు రోజులుగా మంచినీళ్ళే తాగుతున్నాడు. మీసం మీద చెయ్యి వేసుకుని, "మాకేం లోటు? బాగా తిన్నాం. ఇంకో గడప చూసుకో," అన్నాడు.

"అలాగే. మిగిలింది పట్టుకుపోతాను," అన్నాడు వచ్చినవాడు.

తెల్లవారి ఎర్రయ్య చెంబు అందుకోబోతే అది జారి కింద పడింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ జారింది. వేళ్ళు ముడుచుకోవడం లేదు. పార పట్టుకునే చేతులవి. ఆ పట్టే పోతే, రేపు మడులు ఎండినా అతనికి పని ఎక్కడిది? ఆ మొరటు మనిషి తన అరచేతులకేసి చూసుకుంటూ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఇంక పొయ్యి ముట్టించను," అనుకుంది నూకాలు. మూడో సాయంత్రం గడ్డి తేలేదు, నిప్పు తేలేదు. పొయ్యికి దూరంగా, పైడిని ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

పొద్దు వాలింది. చల్లారిన బూడిదలోంచి దానంతట అదే పొగ లేచింది. ఆ పొగకు వాసన లేదు. కళ్ళు మండలేదు, దగ్గు రాలేదు. బయట గాలి ఈడ్చి కొడుతున్నా అది చెదరకుండా నిలువునా కప్పు దాటి పైకి పోతోంది.

నూకాలు పిల్లను చంకనేసుకుని గుమ్మంలోకి పరుగెత్తింది. అక్కడే కొయ్యబారిపోయింది. వీధి పొడుగునా ప్రతి కప్పు మీదా అదే పొగ. ప్రతి గుమ్మం ముందూ ఉప్పు పేరుకున్న ఒక అతిథి. ప్రతి ఇంట్లోంచీ అదే మాట వినిపిస్తోంది. "తిన్నాం... ఇప్పుడే తిన్నాం... కడుపు నిండా తిన్నాం..."

తన గుమ్మం ముందు ఒక పాప ఉంది. పైడి ఈడుదే. మెడ దాకా ఉప్పు పేరుకుని, మొహం ఒక్కటే పైకి కనిపిస్తోంది.

"పొగ చూసి వచ్చాను అత్తా. తిన్నారా?"

తల్లి చంకలోంచి పైడి జారి కిందికి దిగింది. ఆ పాప చెయ్యి చాచింది, పైడి పట్టుకుంది. ఇద్దరూ ఎన్నాళ్ళ నుంచో స్నేహితుల్లా నిలబడ్డారు. పైడి కాలి బొటనవేలి మీద తెల్లటి పొర ఒకటి మెల్లగా పాకడం నూకాలు కళ్ళారా చూసింది.

"చెప్పు అత్తా. తిన్నారా?"

ఎదురు గుమ్మంలో సన్నాసమ్మ చూస్తోంది. నిజం చెబితే రేపు డప్పు మోగుతుంది, తలుపు మీద గీత పడుతుంది, వీధంతా చెప్పుకుంటుంది. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది, అలవాటైన మాట కదా. నూకాలు పిల్ల మొహం చూసింది. అంతే, సిగ్గు ఎక్కడికి పోయిందో పోయింది.

"తినలేదు!" అని వీధి అదిరేలా అరిచింది. "మూడు రోజులుగా మేం తినలేదు! ఆ పొగ అబద్ధం! మా ఇంట్లో గింజ లేదు, నా మొగుడికి పని లేదు, నా బిడ్డకు ఆకలేస్తోంది! వినండి, అందరూ వినండి!"

పాప పైడి చెయ్యి వదిలేసింది. పైడి వేలి మీది తెల్లటి పొర రాలిపోయింది. నూకాలు ఇంట్లోని పొగ ఉన్నపళంగా కుప్పకూలింది.

"ఈ మాట మేం చెప్పలేదు అత్తా," అంది పాప. "మహారాణి గంపలు పెట్టక ముందు, మా ఇంట్లో వాళ్ళందరం తిన్నామనే చెప్పాం. చివరి రోజు దాకా అదే చెప్పాం. మాకు ఇంకా ఆకలేస్తూనే ఉంది. ఎక్కడికి పోవాలి?"

భయం ఉండాల్సిన చోట నూకాలుకు కడుపు తరుక్కుపోయింది. "ధాన్యాగారానికి పో తల్లీ. అక్కడున్నది దండపాణి అబ్బ సొత్తు కాదు. మనలాంటి వాళ్ళ కోసం దాచిందే," అంది.

ఎదురింటి సన్నాసమ్మ గుమ్మం పట్టుకుని కూలబడింది. "నూకాలూ... మా ఇంట్లోనూ అంతేనే," అంది. ఆ పక్కింటివాళ్ళు, ఆ పైవాళ్ళు, ఒక్కొక్కరే బయటికి వచ్చి, ఒక్కొక్కరే చెప్పారు. ఒక్కొక్క పొగా కూలింది. అతిథులు వెనుదిరిగి కోటవైపు నడిచారు.

అప్పుడే కోటలో, ధాన్యాగారం ఎదుటి తన ఇంట్లో, దండపాణి వెండి కంచం ముందు కూర్చున్నాడు. ధాన్యాగారం ముంగిట ఏదో అలికిడైతే కిటికీలోంచి తొంగి చూశాడు. వాకిలి నిండా పంక్తులు పంక్తులుగా అతిథులు కూర్చుని ఉన్నారు. అందరి ముందూ ఖాళీ విస్తర్లు.

"ఎవరు మీరు? దేశంలో ఆకలి లేదు! అందరూ తిన్నారు!" అని అరిచాడు.

నోట్లో ముద్ద ఉప్పు గడ్డ అయింది. ఉమ్మేశాడు.

"లేదంటే లేదు! అందరూ తిన్నారు!"

వేళ్ళకు పట్టు పోయి, అందుకోబోయిన ధాన్యాగారపు తాళాల గుత్తి జారి నేల మీద పడింది.

మూడోసారి అనబోయి కిందికి చూసుకున్నాడు. తన కాళ్ళకు మోకాళ్ళ దాకా తెల్లగా ఉప్పు పేరుకుంది. అది పైకి పాకుతోంది. 

"ఉంది!" అన్నాడు ఏడుపు గొంతుతో. "ఆకలి ఉంది. నా కంట పడకుండా ఉండాలనే డప్పు కొట్టించాను."

ఉప్పు పాకడం ఆగింది. అతను తాళాల గుత్తిని పళ్ళతో అందుకుని, తలుపులు బార్లా తెరిపించి బియ్యం వండించాడు. పట్టు లేని చేతులతోనే, మోచేతుల మధ్య బుట్ట ఇరికించుకుని, విస్తరి విస్తరికీ తానే వడ్డించాడు. తిన్నవాళ్ళు తిన్నట్టే మాయమయ్యారు. చివర్లో కూర్చున్న పాప ఇంకొంచెం పెట్టమని రెండుసార్లు అడిగింది. దండపాణి రెండుసార్లూ పెట్టాడు.

సంగతి విని రాజుగారు తల పట్టుకున్నారు. డప్పులవాళ్ళను పెళ్ళిళ్ళలో వాయించుకోమన్నారు. తలుపుల మీది సున్నం గీతలు కడిగించారు. తెగిన మడుల గట్లు కట్టడానికి ఊరందరినీ పిలిచి పని ఇచ్చారు, ఉప్పు తేలే దాకా ఇంటింటికీ బియ్యం పంపించారు. మొదటి ముద్ద మింగగానే పైడి నవ్వు వీధి చివరి దాకా వినిపించింది. ఎర్రయ్య చేతులకు పట్టు వచ్చింది, దండపాణికీ వచ్చింది. అతన్ని రాజుగారు కొలువులోంచి తీసేయలేదు. గంపలు మోసే పని ఇచ్చారు, అంతే.

పిల్లలూ, మీ పక్కన కూర్చున్నవాడు అన్నం వేళకు "నాకు ఆకలి లేదు" అని మొహం తిప్పుకుంటే, వెంటనే నమ్మేయకండి. నలుగురిలో నిలదీయనూ వద్దు. మీ గిన్నె మధ్యలోకి జరపండి, చాలు.

ఆకలి ఉందని చెప్పుకోవడం సిగ్గు కాదు. ఆ మాట చెప్పుకోలేకుండా చేయడమే సిగ్గు.